గ్లేజు రంగు, బట్టీలో గాలి

దమ్ము చేసిన వరి మడిలో కాలు దింపితే పైన పల్చటి గోధుమరంగు బురద తగులుతుంది. బెత్తెడు లోపలికి వెళ్తే నీలం కలిసిన బూడిదరంగు మట్టి. ఆ లోపలి మట్టిని ముద్దగా తీసి గట్టు మీద పెట్టండి, ఎండేకొద్దీ తుప్పు రంగు చారలు తేలతాయి. కొత్తగా అందులో ఏమీ కలవలేదు, మట్టిలో ఉన్న ఇనుముకి గాలి అందింది. నీళ్ల కింద ఆక్సిజన్ కరువైనప్పుడు ఇనుము ఫెర్రస్ రూపంలో ఉంటుంది, గాలి తగిలితే ఫెర్రిక్ రూపానికి, అంటే తుప్పుకి మారుతుంది. వరి వేళ్లు తమతో గాలిని కిందికి తీసుకెళ్తాయి కాబట్టి నీళ్లు నిలిచిన మడిలో కూడా వేళ్ల చుట్టూ సన్నటి ఎర్ర గీతలు కనిపిస్తాయి.

గోదావరి డెల్టాలో పుట్టిన వాళ్లకి గ్లేజు, అంటే మట్టి పాత్ర మీద కరిగి గాజులా అతుక్కునే పూత, దాని రంగుల రసాయనం చెప్పాలంటే ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు. బట్టీలో 1280 డిగ్రీల దగ్గర జరిగేదీ ఇదే మార్పు. ఆక్సిజన్ పుష్కలంగా ఉంటే ఇనుము తేనెరంగు, గోధుమరంగు ఇస్తుంది. కరువైతే లేత ఆకుపచ్చ, నీలిపచ్చ ఇస్తుంది. గ్లేజు కలిపిన బకెట్ ఒకటే.

మొదటి రకం మంటను స్టూడియోల్లో ఆక్సిడేషన్ అంటారు, రెండోదాన్ని రిడక్షన్ అంటారు. బడి పుస్తకాల్లోని ఆక్సీకరణం, క్షయకరణం ఇవే. గ్యాసుకి సరిపడా గాలి దొరికితే కాలి బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి అవుతుంది. గాలి తగ్గిస్తే పూర్తిగా కాలక కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ మిగులుతాయి. ఈ రెండూ ఆక్సిజన్ కోసం వెంపర్లాడుతూ గ్లేజులోని, మట్టిలోని లోహపు ఆక్సైడ్ల నుంచి దాన్ని లాక్కుంటాయి. ఎర్ర ఇనుము ఆక్సైడు అలా ఫెర్రస్ ఆక్సైడు అవుతుంది. రాగి ఆక్సైడు మొదట ఆక్సిజన్ తక్కువున్న క్యూప్రస్ రూపానికి, తర్వాత లోహపు రాగికి దిగుతుంది.

లాక్కునే పని చేసేది వాయువు, మసి కాదు. పొగగొట్టంలోంచి నల్ల పొగ సుడులు తిరుగుతుంటే రిడక్షన్ బాగా పడుతోందని అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఆ నల్లపొగ కాలకుండా పోతున్న గ్యాసు, ఖర్చు. పైగా బట్టీ వేడి ఎక్కడం ఆగిపోతుంది. తేలికపాటి రిడక్షన్ సరైన వేళకి మొదలైతే చాలు. వేళ తప్పాక ఎంత పొగ పెట్టినా రంగు రాదు. ఎందుకంటే గ్లేజు కరగడం మొదలై పైన గాజు పొర మూసుకుంటే వాయువు లోపలికి వెళ్లలేదు. కింద మట్టి ఏ రంగులో ఉందో ఆ రంగులోనే ఉండిపోతుంది. ఈ ఒక్క సంగతి పట్టుబడితే మిగతా అలవాట్లు వాటంతట అవే దారిలో పడతాయి.

ఇనుముతోనే మొదలుపెట్టాలి, మన మట్టి నిండా అదే కనుక. పరీక్షకి సులువైన గ్లేజు ఇది, బరువు పాళ్లలో: పొటాష్ ఫెల్డ్‌స్పార్ (గ్లేజుని కరిగించే రాతి పొడి) 40, క్వార్ట్జ్ పొడి 30, సున్నపురాయి పొడి 20, చైనా క్లే 10. దీనికి ఎర్ర ఇనుము ఆక్సైడు 1 నుంచి 2 శాతం కలిపి కోను (ఎంత వేడి పట్టిందో వంగి చూపించే చిన్న మట్టి సూది) 9, 10 దగ్గర కాలిస్తే రిడక్షన్‌లో సీలడాన్ అనే లేత ఆకుపచ్చ గ్లేజు వస్తుంది, ఆక్సిడేషన్‌లో లేత తేనెరంగు వస్తుంది. అదే మిశ్రమంలో ఇనుము 8 నుంచి 10 శాతం చేస్తే టెన్మోకు: మందంగా ఉన్నచోట నలుపు, అంచుల మీద పల్చబడినచోట తుప్పు ఎరుపు. ఇంత ఇనుము ఉన్న గ్లేజుని 1100 నుంచి 900 డిగ్రీల దాకా కొంచెం గాలి ఆడనిస్తూ నెమ్మదిగా చల్లారిస్తే పైపొర మళ్లీ ఆక్సిజన్ పీల్చి ఎర్ర స్ఫటికాలు కడుతుంది. చప్పున చల్లారిస్తే నల్లగా నిగనిగలాడుతుంది. కాబట్టి మంట ఆపాక కూడా రంగు పని అయిపోలేదని గుర్తుంచుకోండి.

సీలడాన్ నీలంగా రావాలని ఎంత ప్రయత్నించినా పసుపు కలిసిన ఆకుపచ్చ దగ్గరే ఆగుతోందా? మంటను తిట్టుకునే ముందు గ్లేజులో వేసిన మట్టిని చూడండి. బాల్ క్లేల్లో (బాగా సాగే మట్టి రకం) టైటానియం ఉంటుంది, అది ఫెర్రస్ ఇనుముతో కలిసి నీలాన్ని పసుపు వైపు లాగుతుంది. ద్వారకా తిరుమల ప్రాంతపు బాల్ క్లే పాత్ర చెయ్యడానికి సారె మీద బాగా లేస్తుంది, కానీ నీలి సీలడాన్ గ్లేజులోకి అది వద్దు, తెల్లటి చైనా క్లే వాడాలి. పాత్రకి మాత్రం బాల్ క్లే 35, చైనా క్లే 25, ఫెల్డ్‌స్పార్ 20, క్వార్ట్జ్ 20తో మొదలుపెట్టి చూడొచ్చు. ఇందులో మన ఒండ్రు మట్టి 5 పాళ్లు కలిపితే గ్లేజు లేని అడుగుభాగం రిడక్షన్ తర్వాత చల్లారేటప్పుడు గాలి తగిలి నారింజ ఛాయకి తిరుగుతుంది. అంతకుమించి కలపకండి. ఫెర్రస్ ఇనుము మట్టిని కరిగించే గుణం గలది. ఆక్సిడేషన్‌లో నిటారుగా నిలబడిన పాత్ర అదే వేడిలో రిడక్షన్‌లో కుంగిపోవడానికి కారణం ఇదే. పూర్తిగా ఒండ్రు మట్టితో చేసిన కుండని 1280కి తీసుకెళ్లాలన్న ఆలోచనే వద్దు, అది ఉబ్బి, పాత్రలు పేర్చే బట్టీ అర మీద కారిపోతుంది.

కానీ ఆ కారిపోయే గుణమే గ్లేజుకి కావలసింది. ఒండ్రు మట్టిని నీళ్లలో నానబెట్టి 80 మెష్ (అంగుళానికి 80 కన్నాల) జల్లెడ పట్టి ఆరబెట్టి, మట్టి 60, ఫెల్డ్‌స్పార్ 25, సున్నపురాయి పొడి 15 చొప్పున కలిపి చిన్న మట్టి పలక మీద పరీక్షించండి. ఇనుము మట్టిలోనే ఉంది కాబట్టి విడిగా వెయ్యక్కర్లేదు. మట్టి ఎక్కడిదన్నది ముఖ్యం. రావులపాలెం, ధవళేశ్వరం వైపు మట్టి నమ్మకంగా పనిచేస్తుంది. సముద్రం దగ్గరి మట్టిలో ఉప్పు ఉంటుంది, ఆరేటప్పుడు పైకి తెల్లగా పొంగి గ్లేజుని పొరలు పొరలుగా లేపుతుంది. ఉప్పు బోరు నీళ్లతో గ్లేజు కలిపినా బకెట్‌లో పెరుగులా గట్టిపడి ముంచే మందం అంచనా తప్పుతుంది. కాలవ నీళ్లు గాని, పట్టిపెట్టుకున్న వాన నీళ్లు గాని మేలు.

ఇక రాగి. ఇది ఇనుము కంటే చాలా పెంకిది. ఆక్సిడేషన్‌లో ఆకుపచ్చ, సోడా, పొటాష్ ఎక్కువున్న గ్లేజులో నెమలికంఠం లాంటి నీలం. రిడక్షన్‌లో ఎద్దు నెత్తురులాంటి ఎరుపు. ఎరుపుకి రాగి ఎంత తక్కువ కావాలో చెబితే కొత్తవాళ్లు నమ్మరు: కాపర్ కార్బొనేటు అర శాతం, దానికి తోడు టిన్ ఆక్సైడు 1 శాతం. ఆ ఎరుపు గ్లేజులో కరిగిన రాగిది కాదు, చల్లారేటప్పుడు గాజులో విడిపడే అతి సన్నటి రాగి రేణువులది. టిన్ ఆ రేణువులు సమంగా పుట్టడానికి సాయపడుతుంది. రాగి ఎక్కువైతే రేణువులు లావెక్కి కాలేయం రంగులో మురికి గోధుమ వస్తుంది. రాగి తగ్గినా, మొదట్లో రిడక్షన్ ఆలస్యమైనా పారదర్శకంగా, అక్కడక్కడ లేత ఆకుపచ్చగా మిగులుతుంది. అంచు దగ్గర గ్లేజు పల్చబడి తెల్లగా రావడం మాత్రం మామూలే, దాన్ని తప్పుగా లెక్కించకండి.

రాగి వేడికి ఆవిరవుతుంది కూడా. రెండు మూడు అంగుళాల దూరంలో టిన్ తెల్ల గ్లేజు పాత్ర ఉంటే దాని పక్కన గులాబీ మచ్చ పడుతుంది. క్రోమియం కూడా ఇంతే, పక్కనున్న టిన్ తెలుపుని గులాబీ చేస్తుంది. ఒకే అర మీద వీటిని దూరంగా పెట్టడమే మందు.

మిగతా లోహాల సంగతి తొందరగా చెప్పేస్తాను. కోబాల్టు ఏ మంటలోనైనా నీలమే. క్రోమ్ ఆకుపచ్చ రెండింట్లోనూ నిలుస్తుంది, కానీ క్రోమ్-టిన్ గులాబీ స్టెయిను (ముందే కాల్చి పొడి చేసిన రంగు) రిడక్షన్‌లో చెడుతుంది. మాంగనీసు ఊదా, గోధుమలు ఆక్సిడేషన్‌లోనే అందం. జింకు ఉన్న గ్లేజు రిడక్షన్‌కి పనికిరాదు. జింకు ఆక్సైడు లోహంగా మారుతుంది, ఆ లోహం 907 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది, గ్లేజు లెక్క తప్పుతుంది. మన ఇళ్లలో ఆవకాయ జాడీల మీది మీగడ రంగు జింకుతో చేసే గ్లేజు రకానిది, పై భాగం గోధుమ ప్రధానంగా ఇనుముది. అందుకే ఆ తరహా జాడీలకి శుభ్రమైన ఆక్సిడేషన్ మంట కావాలి. సీసపు గ్లేజు జోలికి అసలు పోకండి. విషం, పైగా రిడక్షన్‌లో నల్లబడుతుంది.

ఇప్పుడు కాల్చే వరస. చిన్న ఎల్పీజీ డౌన్‌డ్రాఫ్ట్ బట్టీని, అంటే మంట పైకెక్కి పాత్రల మీదుగా కిందికి దిగి పొగగొట్టంలోకి పోయే రకాన్ని, దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. ఇటుకలు, అరలు వానాకాలమంతా తేమ పీల్చి ఉంటాయి కాబట్టి జూన్ నుంచి నవంబరు దాకా 200 డిగ్రీలకి చేరడానికి కనీసం రెండు గంటలు ఇవ్వాలి. ఒక్క బర్నర్, చిన్న మంట, తలుపు వేలెడు సందు. అక్కడి నుంచి 900 దాకా గంటకి 100 నుంచి 150 డిగ్రీలు, డాంపర్ (పొగగొట్టం దారికి అడ్డం పెట్టే బిళ్ల) బాగా తెరిచి, పూర్తి ఆక్సిడేషన్. ఈ భాగంలో తొందరపడి గాలి తగ్గిస్తే మట్టిలోని కార్బన్ కాలకుండా లోపలే చిక్కుకుంటుంది. తర్వాత అది వాయువుగా మారి పాత్ర మీద బొబ్బలు లేపుతుంది, విరిస్తే మధ్యలో నల్ల గీత కనిపిస్తుంది. ఊకతో కాల్చిన ఇటుకని విరిచినప్పుడు లోపల కనిపించే నల్లగుండె కూడా ఇదే. బిస్కు కాల్పు, అంటే గ్లేజు పుయ్యకముందు చేసే మొదటి కాల్పు, 950 నుంచి 1000 డిగ్రీల దాకా గాలి బాగా ఇచ్చి నెమ్మదిగా చేసి ఉంటే ఈ బెడద సగం ముందే తీరిపోతుంది.

కోను 010 (ఇది వేరు, కోను 10 వేరు) వంగినప్పుడు, అంటే సుమారు 900 దగ్గర, రిడక్షన్ మొదలు. ముందు బర్నర్ దగ్గర ప్రైమరీ గాలి, అంటే గ్యాసుతో ముందే కలిసే గాలి, కొంచెం తగ్గించండి, తర్వాత డాంపర్ కొద్దికొద్దిగా లోపలికి నెట్టండి. పైన ఉన్న చూసే కంతలోంచి బెత్తెడు లోపు మెత్తటి మంట బయటికి రావాలి, మసి ఉండకూడదు. 45 నిమిషాలు అలా ఉంచితే మట్టిలో, గ్లేజు పొరలో ఇనుము, రాగి మారతాయి. ఆ తర్వాత మంటను రెండు మూడు అంగుళాలకి తగ్గించి చివరిదాకా తేలికపాటి రిడక్షన్‌లో గంటకి 60 డిగ్రీలు ఎక్కనివ్వండి. అరగంటసేపు వేడి కదలకపోతే రిడక్షన్ ఎక్కువైందని గుర్తు. అప్పుడు గ్యాసు పెంచడం చాలామంది చేసే తప్పు. గాలి లేకే వేడి ఆగింది, గ్యాసు పోస్తే ఇంకా కిందికి జారుతుంది. డాంపర్‌ను అర అంగుళం బయటికి లాగి పది నిమిషాలు ఆగండి.

కంతలో మంట కనిపిస్తే చాలు రిడక్షన్ అని అనుకోకూడదు. లోపలి ఒత్తిడి ఎక్కువైనా మంట బయటికి వస్తుంది. కింది కంత దగ్గర అగరుబత్తి పెట్టి చూడండి. పొగ లోపలికి పీల్చుకుంటుంటే ఆ భాగంలోకి గాలి వెళ్తోంది, అంటే కింద అర ఆక్సిడేషన్‌లో ఉండే అవకాశం ఎక్కువ, పైన రిడక్షన్ ఉన్నట్టు కనిపించినా సరే. ఒకే కాల్పులో పై అర సీలడాన్ ఆకుపచ్చగా, కింది అర తేనెరంగుగా రావడానికి ఇదే ముఖ్యమైన కారణం. బట్టీలో ఆక్సిజన్ సంగతిని వోల్టుల్లో చూపించే జిర్కోనియా ఆక్సిజన్ ప్రోబు ఉంటే సందేహం ఉండదు. తేలికపాటి రిడక్షన్ సుమారు 0.5 వోల్టు దగ్గర ఉంటుంది, 0.7 దాటిందంటే గ్యాసు వృథా అవుతున్నట్టే. వేడి కొలవడానికి కె రకం థర్మోకపుల్ రిడక్షన్‌లో తొందరగా పాడై తక్కువ చూపిస్తుంది, ఆర్ లేదా ఎస్ రకం తొడుగుతో వాడండి. మీటరు ఏది చెప్పినా ముగింపుకి కోనులనే నమ్మాలి. 9, 10, 11 మూడూ పక్కపక్కన పెట్టండి. గంటకి 60 డిగ్రీల వేగంలో పెద్ద కోను 10 వంగేది సుమారు 1285 దగ్గర.

కోను 10 వంగగానే సీలడాన్, టెన్మోకు ఉన్న బట్టీకి పది నిమిషాలు గాలి ఇచ్చి మంట శుభ్రం చేసి ఆపవచ్చు. రాగి ఎరుపు ఉంటే ఆ శుభ్రం చెయ్యడం చాలా కొద్దిసేపే ఉండాలి. గ్యాసు కట్టేసిన వెంటనే డాంపర్ మూసి, కంతలకి బిళ్లలు పెట్టి, బర్నర్ రంధ్రాలు కూడా కప్పాలి. కప్పకపోతే పొగగొట్టం చల్లగాలిని కింద నుంచి లాగుతూనే ఉంటుంది.

సిలిండరు సంగతి విడిగా చెప్పాలి. 19 కిలోల సిలిండరు ఒక్కటే గట్టిగా లాగితే ద్రవం ఆవిరయ్యేటప్పుడు వేడిని పీల్చుకుని సిలిండరు చల్లబడుతుంది, బయట మంచు బిందువులు కడతాయి, ఒత్తిడి పడిపోతుంది. రెగ్యులేటరు మీద చెయ్యి వెయ్యకుండానే గ్యాసు తగ్గి బట్టీ రిడక్షన్ నుంచి ఆక్సిడేషన్‌లోకి జారిపోతుంది. సరిగ్గా అప్పుడే గ్లేజు మూసుకునే వేళ అయితే కాల్పు మొత్తం పోయినట్టే. రెండు మూడు సిలిండర్లు ఒకే పైపుకి కలిపి లాగండి, వాటిని మామూలు నీళ్ల తొట్టెలో నిలబెట్టండి. వేడినీళ్లు, మంట దగ్గరకి రానివ్వకూడదు. పైపు గ్యాసుకి మారే ఆలోచన ఉంటే బర్నర్ నాజిల్ మార్చక తప్పదు. మీథేన్ ఒక పాలు కాలడానికి సుమారు 10 పాళ్ల గాలి, ప్రొపేన్‌కి 24, బ్యూటేన్‌కి 31 కావాలి. ఎల్పీజీ నాజిల్ మీద సహజవాయువు వాడితే మంట బలహీనపడుతుంది.

కట్టెల బట్టీలో వాతావరణం ఎప్పుడూ ఒక్కలా ఉండదు. సరుగుడు చీలికలు వేసిన వెంటనే గట్టి రిడక్షన్, నాలుగైదు నిమిషాల్లో అవి కాలిపోయి మంట తేటపడితే ఆక్సిడేషన్. మళ్లీ వెయ్యడం ఎప్పుడన్నదే రంగుని నిర్ణయిస్తుంది: కంతలో మంట అంగుళానికి తగ్గినప్పుడు వెయ్యండి, పూర్తిగా లోపలికి వెళ్లిపోయేదాకా ఆగకండి. చివరి గంటకి బొటనవేలు లావు చీలికలే వాడాలి. కొబ్బరి మట్టలు, డొక్కలు మొదటి వేడికి బాగుంటాయి, చివర్లో అవి నిప్పుల గుట్టై గాలి దారిని మూసేస్తాయి. మన కుమ్మరి ఆములో కుండలు ఎర్రగా రావాలంటే మంటకి గాలి వదిలేస్తారు, నల్లగా కావాలంటే వేడి తగ్గకముందే ఊక, పేడ పోసి మట్టితో మూసేస్తారు. అక్కడ ఇనుము మారడంతో పాటు కార్బన్ కూడా మట్టి రంధ్రాల్లో దిగుతుంది. ఆ కుండని మళ్లీ గాలిలో ఎర్రగా కాలిస్తే నలుపు పోతుంది. గ్లేజు మీది రిడక్షన్ రంగుకి గాజు పొర కాపలా ఉంటుంది, అదే వీటి తేడా.

కరెంటు బట్టీలో సహజంగా ఆక్సిడేషనే. అందులో బొగ్గు ముక్కలు, నాఫ్తలిన్ ఉండలు వేసి రిడక్షన్ చెయ్యాలని చూడకండి, కాయిల్ మీద ఉన్న అల్యూమినా రక్షణ పొర పాడై తీగ తొందరగా తెగుతుంది. బదులుగా చాలా సన్నటి కార్బోరండం (సిలికాన్ కార్బైడు) పొడి అర శాతంలోపు రాగి గ్లేజులోనే కలపొచ్చు. అది గ్లేజు లోపలే ఆక్సిజన్ లాక్కుని ఎరుపు ఇస్తుంది. పొడి ముతకగా ఉన్నా, ఎక్కువైనా బుడగలు వస్తాయి. మంటతో వచ్చిన ఎరుపులోని లోతు దీంట్లో రాదని నా అభిప్రాయం, కానీ గ్యాసు బట్టీ పెట్టుకోలేని వాళ్లకి ఇది మంచి దారే.

రైసు మిల్లుల్లో దొరికే ఊక బూడిద 90 శాతానికి పైగా సిలికా. ఫెల్డ్‌స్పార్ 40, కట్టె బూడిద 30, ఊక బూడిద 30తో రిడక్షన్‌లో పాలమీగడ లాంటి నీలి తెలుపు వస్తుంది. నల్లగా ఉన్న బూడిదలో కార్బన్ మిగిలి ఉంటుంది, ముందు మళ్లీ కాల్చి తెల్లబడనివ్వండి. బాగా కాలిన బూడిదలో స్ఫటిక సిలికా ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి ప్రమాదం. తడిపి జల్లించండి, మాస్కు తీయకండి.

రాగి గ్లేజు లోపలి భాగంలో వేసిన పాత్రలో చింతపండు, మజ్జిగ, ఊరగాయ పెట్టే ముందు నిమ్మచెక్క బోర్లించి రాత్రంతా ఉంచండి. పొద్దున రంగు మారినచోట గుర్తు కనిపిస్తే ఆ పాత్ర పూలకే. గుర్తు పడకపోయినా రాగి దిగడం లేదని తేల్చేది ల్యాబు పరీక్ష మాత్రమే.

రిడక్షన్ జరిగినంతసేపూ కార్బన్ మోనాక్సైడు బయటికి వస్తుంది. వాసన ఉండదు, కళ్లు మండవు. షెడ్డుకి కనీసం రెండు వైపులా గోడ లేకుండా ఉండాలి, డిటెక్టరు తల ఎత్తులో పెట్టాలి. తలనొప్పి, వాంతి వచ్చేట్టు అనిపిస్తే మంట సంగతి వదిలి ముందు బయటికి వచ్చేయాలి. వాన జల్లు పడుతోందని పట్టాలు దించి షెడ్డు మూసేసే అలవాటు చాలా ప్రమాదకరం.

కొత్త బట్టీ అయితే మొదటి మూడు కాల్పుల్లో ప్రతి అర మీదా ముందు, మధ్య, వెనక ఒక్కో చిన్న పలక పెట్టండి. ప్రతి పలక మీద సగం సీలడాన్, సగం రాగి ఎరుపు. పలక అడుగున ఇనుము ఆక్సైడుతో అర నంబరు, చోటు రాసుకోండి. దించాక నేల మీద అదే వరసలో పరిస్తే ఏ మూల గాలి చొరబడిందో రంగులే చూపిస్తాయి. ఆ మూలలో అరకి, గోడకి మధ్య సందు ఎంత ఉందో మొదట కొలవండి.